అయిదో ముఖం

"ఫంక్షన్ ఆరున్నరకు. అది ముగిసి గెస్టులు కారెక్కగానే ఈ రాజు మీద ఎఫ్ఐఆర్ కడతాను. ఈలోగా మీరేం చేసుకుంటారో చేసుకోండి, డిటెక్టివ్ గారూ!"

ఇన్‌స్పెక్టర్ రాఘవేంద్ర నన్ను "డిటెక్టివ్ గారూ" అన్నాడంటే ఒళ్ళు మండి ఉన్నాడని అర్థం. మామూలు రోజుల్లో "అరుణజ్యోతి గారూ" అంటాడు. పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు చేసుకుని బతికే ఆడమనిషి పోలీసు కేసుల్లో తలదూర్చడం ఆయనకు నచ్చదు. ఆయనకు నచ్చకపోవడం నాకు భలే నచ్చుతుంది.

సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం వెనకవైపు చిన్న గది అది. ఆ రోజుకు దాన్నే కంట్రోల్ రూమ్ చేసుకున్నారు. స్టాఫంతా బందోబస్తులో ఉండటంతో రాజును స్టేషన్‌కు పంపకుండా అక్కడే మూల బెంచీ మీద కూర్చోబెట్టారు. గుమ్మంలో వాళ్ళమ్మ ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నన్ను వెంటబెట్టుకొచ్చింది ఆమే.

సంగతి ఇది. కిర్గిజ్‌స్తాన్ పార్లమెంటు సభ్యులు అయిదుగురు మన దేశంతో స్నేహం గట్టి చేసుకోవడానికి వచ్చి, ఢిల్లీ పని ముగించుకుని హైదరాబాద్‌లో దిగారు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్‌బీ నగర్ కాలనీల్లో పిల్లల్ని డాక్టరు చదువుకు ఆ దేశం పంపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అందుకని తల్లిదండ్రుల సంఘం వాళ్ళు పట్టుబట్టి ఆ బృందానికి ఇక్కడ సన్మానం పెట్టారు. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా స్వాగతం ఫ్లెక్సీలు వేయించారు. పైన అతిథులు అయిదుగురి ఫోటోలు, వాటి కింద పేర్లు, అడుగున మన సంఘం పెద్దల ముఖాలు వరసగా. నిన్న సాయంత్రం వాటిని కట్టింది రాజు. తెల్లారేసరికి ఏ ఫ్లెక్సీ చూసినా అయిదో ముఖం పాడైపోయి ఉంది.

"రాజూ, నా దిక్కు చూసి చెప్పు. నువ్వు చేసినవా?"

"లేదక్కా. అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు తర్వాత. కట్టుడు ఎన్నింటికి అయిపోయింది?"

"ఎనిమిదిన్నర అయుంటది. ఆఖర్ది ఎల్‌బీ నగర్‌ల విజయవాడ బస్సులు ఆగే కాడ కట్టిన. కట్టి సీదా ఇంటికి పోయిన."

"నిచ్చెన?"

"నా ఎంబటే ట్రాలీల ఏస్కపోయిన. రాత్రంత ఇంటి ముంగటనే ఉండె."

"ఆఁ, నిచ్చెన!" అన్నాడు రాఘవేంద్ర. "నేనూ అదే అంటున్నా. అంత ఎత్తున ఉన్న ఫోటో చెడగొట్టాలంటే నిచ్చెన కావాలి. అది వీడి దగ్గరుంది. పైగా మొన్న సంఘం వాళ్ళతో గొడవపడ్డాడు."

"ఏం గొడవ రాజూ?"

"స్టేజీ మీది ఫ్లెక్సీ మూడుసార్లు ఇప్పిచ్చి కట్టిచ్చిండ్రక్కా. ఒకాయనేమో పేరు చిన్నగైందంటడు, ఇంకొకాయన నా ఫోటో కిందికైందంటడు. మళ్ళ ఇప్పుమంటే జర గట్టిగ మాట్లాడిన. గంతే."

రాఘవేంద్ర కుర్చీలోంచి లేచాడు. "ఇదేదో గల్లీ తగాదా అనుకుంటున్నారు మీరు. వచ్చిన అయిదుగురిలో ఒకావిడ ఉంది. అయ్‌నూరా గారని. సరిగ్గా ఆవిడ పేరు మీదున్న ముఖానికే నల్లరంగు పూశారు. పొద్దున కారులో వెళ్తూ చూసింది. ఆడదాని మొహానికి మసి పూసే చోటికి నేను రానని హోటల్ గదిలో కూర్చుంది. ఢిల్లీ నుంచి నాకు ఒకటే ఫోన్లు! మనిషిని పట్టుకున్నామని చెబితేగానీ ఆవిడ బయల్దేరదు."

"అంటే ఆమెను కారెక్కించెటందుకు మా పోరన్ని జీపెక్కించిండ్రన్నట్టు."

ఆయన నా వైపు చూసిన చూపుకు కిటికీ అద్దం పగలాలి. ముత్తమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది.

"సారూ, మావోడు కానిస్టేబుల్ కొలువు కొట్టిండు. సోమారం ట్రైనింగుకు పోవాలె. రాత్రిళ్ళు గీ పని చేస్కుంట, పగలు చదువుకుంట తెచ్చుకున్నడు సారూ. మీ కాల్మొక్కుత, కేసు రాయకుండ్రి."

"తెలుసమ్మా." రాఘవేంద్ర గొంతు కొంచెం దిగింది. "కేసున్నవాణ్ణి డిపార్ట్‌మెంట్ తీసుకోదు. అందుకే ఇంకా రాయలేదు. కానీ రాత్రికి నేను ఒక పేరు చూపించాలి. వేరే పేరు ఎవరైనా తెస్తే వీణ్ణి వదిలేస్తా. తేకపోతే వీడి పేరే."

మనిషి చెడ్డవాడు కాదు. తొందరలో ఉన్నాడు. తొందరలో ఉన్న పోలీసుకు దగ్గరగా దొరికినవాడే దొంగ. నాకు కోపం వచ్చింది, ఆ కోపంతోనే ముత్తమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను.

"పా అక్కా. ఏడ్చెటందుకు టైం లేదు."

* * *

ఆటో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ వైపు పోతుంటే ప్రతి ఫ్లెక్సీ దగ్గరా ఆపించాను. డ్రైవర్ సణిగాడు. సణగనిచ్చాను. నాలుగైదు చూసేసరికి ఒక సంగతి తేలిపోయింది. నల్లరంగు చారలన్నీ కింది నుంచి పైకి పోయి ఉన్నాయి. నిచ్చెనెక్కినవాడు ముఖానికి ఎదురుగా నిలబడతాడు, అటూ ఇటూ పూస్తాడు. ఇది కింద నిలబడి, పొడుగాటి కర్రకు గుడ్డ చుట్టి, పైకి తోసి పూసిన పూత. కర్ర మీంచి జారిన రంగు ఫుట్‌పాత్ మీద చుక్కలు చుక్కలుగా ఎండిపోయి ఉంది.

నిచ్చెన ఉన్న రాజుకు కర్రతో ఏం పని? అసలు వాడికి కోపమే ఉంటే రంగు కొనుక్కోవడం ఎందుకు? తను కట్టిన తాళ్ళు తనే రెండు కోస్తే ఫ్లెక్సీ మొత్తం రోడ్డు మీద పడేది.

విజయవాడ బస్సులు ఆగే చోట ఆఖరి ఫ్లెక్సీ ఉంది. అక్కడ ఆగిపోయాను. దాని మీద నల్లరంగు లేదు. అయిదో ముఖమే లేదు. దాని స్థానంలో కిటికీ పెట్టినట్టు నాలుగు పలకల రంధ్రం, అందులోంచి వెనకనున్న మెట్రో స్తంభం కనబడుతోంది.

ఈ ఫ్లెక్సీని మిగతావాటిలా ఎత్తున కట్టలేదు. కర్రల ఫ్రేముకు బిగించి నేల మీదే నిలబెట్టారు. పక్కనున్న టిఫిన్ బండి స్టూలు అడిగి తీసుకుని ఎక్కాను. కోత అంచు మీద వేలు పెట్టి చూశాను. ఎక్కడా పీచు లేవలేదు. మూలలు నాలుగూ గుండుసూది మొనల్లా కలిశాయి. రెండు మూలల్లో సన్నటి పెన్సిల్ గీత కూడా ఉంది. కోసినవాడు ముఖం అంచుదాకా కోయలేదు, చుట్టూ రెండు వేళ్ళ మందాన ఖాళీ వదిలి కోశాడు. కోపంతో కోసే చెయ్యి ఇట్లా కోయదు.

అంచుల మీద ఎక్కడా ఒక్క చుక్క రంగు లేదు. అంటే ముందు కోత, ఆ తర్వాతే ఊరంతా రంగు. రంగు పూసేవాడు ఇక్కడికి వచ్చేసరికి పూయడానికి ముఖం లేదు, వెళ్ళిపోయాడు. ఇద్దరు మనుషులు. ఒకడికి ఆ ముఖం కనబడకూడదు. ఇంకొకరికి ఆ ముఖం కావాలి.

"ఏం దొరికింది బిడ్డా?" ముత్తమ్మ కింది నుంచి అడిగింది.

జవాబు చెప్పబోతూ రంధ్రం కింది భాగం చూశాను. ముఖం పోయింది కానీ ఛాతీ మిగిలింది. నల్ల కోటు, తెల్ల చొక్కా, మధ్యలో ఎర్రటి టై. దాని కింద పెద్ద అక్షరాలతో అయ్‌నూరా పేరు.

అప్పుడే రాఘవేంద్ర జీపు వచ్చి ఆగింది. అతిథుల కార్లు వచ్చే దారి చూసుకోవడానికి బయల్దేరినట్టున్నాడు. స్టూలు మీదున్న నన్ను చూడగానే దిగాడు.

"ఫ్లెక్సీ ముట్టుకోకండి! ఎవిడెన్స్!"

"ఎవిడెన్సే సారూ, జర మీరు కూడ చూడుండ్రి. రంగు పూసినోడు ఒకడు, కోసినోడు ఒకడు. నిచ్చెన ఇద్దరికీ లేదు."

చారల సంగతి, చుక్కల సంగతి, అంచుల సంగతి చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"ఒకడైతేనేం, ఇద్దరైతేనేం? రాజుకు తోడు ఇంకొకడు ఉన్నాడంటారు. అంతేగా?"

"ఇది చూడుండ్రి మరి. ఆమె పేరు మీద టై ఉన్నది."

ఆయన వంగి చూశాడు. "వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు కూడా కడతారేమో!" అన్నాడు.

"పొద్దున మీరు ఆమెను చూసిండ్రు కదా. టై కట్టుకున్నదా?"

"నేను చూసింది హోటల్ తలుపు, అరుణజ్యోతి గారూ! లోపల్నుంచి అరుపులు మాత్రం వినబడ్డాయి." జీపెక్కుతూ వేలు చూపించాడు. "టైలూ బొత్తాలూ కాదు నాకు కావాల్సింది. పేరు. ఆరున్నరకు ఫంక్షన్."

ఆయన తిట్టినా పర్వాలేదు, మళ్ళీ నన్ను పేరుతో పిలిచాడు. అనుమానం ఆయనలోనూ మొదలైందని అర్థమైంది.

* * *

ఫ్లెక్సీ వేసినవాడు అభిలాష్. దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగంతస్తుల కాంప్లెక్స్, మొదటి అంతస్తులో వాడి షాపు. ముత్తమ్మ ఆ కాంప్లెక్స్ ఊడ్చే మనిషి కాబట్టి మెట్లన్నీ ఆమెకు ఇంటి గడపలే. మేం వెళ్ళేసరికి సాయంత్రం ట్రాఫిక్ పుణ్యమా అని ఆరున్నర కావొస్తోంది. అభిలాష్ కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీకి పులి బొమ్మ అతికిస్తున్నాడు.

"అభిలాష్, గా ఎంపీల ఫోటోలు నీకు ఎవరిచ్చిండ్రు?"

"సంఘం వాళ్ళక్కా. వాట్సాప్‌ల పంపిండ్రు. గ్రూప్ ఫోటో ఒకటి, పేర్లు అయిదు. ఒక్కొక్కరిది కట్ చేసి పెట్టుమన్నరు. రాత్రికి రాత్రే కావాల్నన్నరు."

"ఫోటో చూపియ్యి."

తెర మీదికి తెచ్చాడు. ఢిల్లీలో ఏదో మెట్ల మీద తీసిన ఫోటో. కోట్లు వేసుకున్న మగవాళ్ళు అయిదుగురు. వాళ్ళ మధ్యలో నీలం రంగు గౌను వేసుకుని, తల నిటారుగా పెట్టి నిలబడిన ఒకావిడ. మొత్తం ఆరుగురు.

"ఈమె ఎవరు?"

"ఎవరో సారు వాళ్ళ మేడమ్ అనుకున్న."

"అనుకున్నవా!"

"అక్కా, అయిదుగురు ఎంపీలని చెప్పిండ్రు. కోట్లేస్కున్న మొగోళ్ళు అయిదుగురుండిరి. లెక్క కరెక్టుగ సరిపోయింది. గందుకే..."

గందుకే ఒక దేశం పార్లమెంటు సభ్యురాలు వాడి చేతిలో ఎవరి పెళ్ళామో అయిపోయింది. నవ్వాలో, వాడి నెత్తిన ఒకటి మొట్టాలో తెలియలేదు. పైగా మధ్యలో నిలబడింది ఆమే. అయిదుగురు మగవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చింది ఆమెకే. మనవాళ్ళ కంటికి అది కూడా ఆనలేదు.

"ఇప్పుడు చెప్పు. అయిదో ముఖం ఎవరిది? ఈ ఎర్ర టై ఆయన ఎవరు?"

"ఎర్కలేదక్కా. తెల్లగుండు, కోటు గిట్ల మంచిగున్నది. ఫారినోడే అనుకున్న."

"పెద్దగ చెయ్యి."

అభిలాష్ ఆ ముఖాన్ని తెర నిండా చేశాడు. యాభై దాటిన మనిషి. నున్నగా గీసిన గడ్డం, నల్లగా రంగేసిన జుట్టు, పెదవుల మీద ఓ పక్కకు జరిగిన నవ్వు. ఫారినోడు కాదు. తెల్లటి తెలుగువాడు.

నా వెనక ముత్తమ్మ చేతిలోని సంచి కిందపడింది.

"వీడా! ఓరి వీని... జ్యోతమ్మా, వీడు సాంబమూర్తి!"

"ఏ సాంబమూర్తి?"

"ఇదే బిల్డింగుల, పై అంతస్తుల ఆఫీసు పెట్టిండు. పిల్లలను గీ ఎంపీల దేశానికే డాక్టర్ చదువుకు పంపిస్తనని. రోజూ పొద్దుగాల నేనే ఊడ్సేది గా ఆఫీసు. అప్పుడు గడ్డం ఉండె. గడ్డం తీస్తే ఏమాయె, గా నవ్వు ఏడికి పోతది! పైసలు తీస్కొని పిల్లలను లేని కాలేజీకి పంపిండు. ఒకనాడు చూస్తే ఆఫీసుకు తాళం. మూడేండ్లాయె, మనిషి పత్తా లేడు."

సంఘం సెక్రటరీకి ఫోన్ చేశాను. ఎర్ర టై ఆయన బృందం వెంట తిరుగుతున్న మన మనిషి, ఢిల్లీలో ఏదో మైత్రీ మండలి తరఫున ఏర్పాట్లు చూస్తున్నాడు, పేరు మూర్తి అని చెప్పాడు. అతణ్ణి మేమూ మొన్ననే మొదటిసారి చూశామన్నాడు.

ఇక రంగు చిక్కుముడి విడిపోయింది. పేరులో సగం కోసుకుని, గడ్డం గీసుకుని, కొత్త మనిషై ఊళ్ళోకి వచ్చాడు. వేదిక మీద అయిదు నిమిషాలు వెనక వరసలో నిలబడటం వేరు, తన చేతిలో మోసపోయినవాళ్ళు రోజూ బస్సెక్కే దారిలో అంతెత్తు ముఖంతో రెండు రోజులు వేలాడటం వేరు. రాత్రి అటు పోతూ చూసుకుని ఉంటాడు, గుండె జారి ఉంటుంది. రాత్రికి రాత్రే రంగు, కర్ర తెప్పించాడు.

"అయితే మావోడు బయటపడ్డట్టేనా బిడ్డా?" ముత్తమ్మ గొంతులో పొద్దుటి నుంచి లేని ప్రాణం వచ్చింది.

"పడ్డట్టే అక్కా. మసి పూసింది గా అమ్మ ముఖానికి కాదు. సీఐ సారుకు చెప్తే..."

మాట మధ్యలోనే ఆగిపోయాను. రంగు పూసినవాడు తేలాడు. కోసినవాడు?

"ముత్తమ్మక్కా, గా లేని కాలేజీకి పోయిన పిల్లల్ల ఈ బిల్డింగోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఆమె ముఖంలో వెలుగు పోయింది. "కింద ఫోటో ఫ్రేముల షాపు త్రినాథరావు సారు బిడ్డ. బిందుమాధవి. బంగారమసొంటి పిల్ల. గక్కడికి పోయినంక కాలేజీ లేదు, హాస్టల్ లేదు. మంచు పడ్తుంటె ఏడనో గదిల ఉండి నిమోనియా వచ్చి పాణం పోయింది. పెట్టెల వచ్చింది బిడ్డ."

ఫోటో ఫ్రేములు. నాలుగు పలకల కోత, మూలల్లో పెన్సిల్ గీత, ఫ్రేము లోపలికి మడవడానికి చుట్టూ వదిలిన రెండు వేళ్ళ ఖాళీ.

"అభిలాష్, త్రినాథరావు గారిని నిన్న చూసినవా?"

"బిందక్క తద్దినం పెట్టనీకి ఏలూరు పోయిండక్కా అంకుల్. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఎల్‌బీ నగర్‌ల బస్సు దిగిండు. ఇయ్యాల పొద్దుగాల్నే షాపు తెరిచిండు. ఫంక్షన్ మెమెంటోలు అంకులే చేస్తుండు కదా."

కూతురికి పిండం పెట్టి బస్సు దిగిన మనిషికి ఎదురుగా ఆ ముఖం! కింద స్వాగతం, సుస్వాగతం అని రాసి ఉంది. ఆ ఫ్లెక్సీ ముందు ఆయన ఎంతసేపు నిలబడి ఉంటాడో తలుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

* * *

కింద షాపు షట్టర్ సగానికి దించి ఉంది. వంగి లోపలికి దూరాం. అభిలాష్ లైటు వేశాడు.

ఎదురు గోడ మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఫోటో. దానికి చామంతి దండ. పక్కనే కొత్తగా కొట్టిన మేకు, దానికి పెద్ద ఫ్రేము, అద్దం వెనక సాంబమూర్తి నవ్వుతున్నాడు. నుదుటి మీద కుంకుమ బొట్టు పెట్టారు. మెడ చుట్టూ తాజా చామంతి దండ వేశారు. ఫ్రేము ముందు రెండు అగరొత్తులు కాలిపోయి ఉన్నాయి.

బతికున్నవాడి ఫోటోకు ఎవరూ దండ వేయరు. వేశారంటే, వేసినవాళ్ళ లెక్కలో వాడు చచ్చిపోయినట్టే.

బల్ల మీద ఫ్రేములు కోసే కత్తి పెట్టుకునే తోలు ఒర ఉంది. అందులో కత్తి లేదు.

"అభిలాష్! త్రినాథరావు గారు ఇప్పుడు ఎక్కడున్నరు?"

"స్టేడియంల ఉంటడక్కా. మెమెంటోల పెట్టె తీస్కపోయిండు. పైసలేం వద్దన్నడంట. బదులుగ స్టేజీ మీద ఒక్కరికి శాలువ కప్పే చాన్స్ ఇయ్యుమన్నడంట. అందరు ఫారిన్ ఎంపీలతోని ఫోటో కావాల్నంటుంటే, అంకులేమో గా మూర్తి సారుకు కప్పుతనన్నడు. సంఘపోళ్ళు నవ్వుకున్నరు."

శాలువా కప్పేవాడు వెనకనుంచి మెడ దాకా చేతులు తీసుకుపోతాడు. ఎదుటివాడు చేతులు జోడించి, తల వంచుకుని నిలబడతాడు. ఇక మెమెంటోల పెట్టె నిండా రేకులు, మేకులు. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఎన్నిసార్లు కూసినా ఎవరూ పట్టించుకోరు.

ఫోన్ తీసి రాఘవేంద్ర నంబరు నొక్కాను. రింగు బయట మోగింది. షట్టర్ పైకి లేచింది. ఆయనే స్వయంగా ఇద్దరు కానిస్టేబుళ్ళతో లోపలికి వచ్చాడు.

"త్రినాథరావు ఎక్కడ?"

"మీరు ఇక్కడికెందుకొచ్చిండ్రు సారూ?"

"వాడే ఫోన్ చేశాడు. ఎల్‌బీ నగర్లో ఫోటో కోసింది నేనే, ఆ కుర్రాడికేం సంబంధం లేదు, ముందు వాణ్ణి వదిలి ఫోన్‌లో వాడి గొంతు వినిపించండి, అప్పుడు నేనెక్కడున్నానో చెబుతానన్నాడు. రాజును వదిలేశా. షాపులో ఉన్నా, వచ్చి తీసుకెళ్ళమన్నాడు." అంటూనే ఆయన చూపు గోడ మీదికి పోయింది. దండ చూశాడు. ఖాళీ ఒర చూశాడు. పోలీసు బుర్ర, చెప్పనక్కర్లేకపోయింది. "దేవుడా! నన్ను స్టేడియం నుంచి లాగేశాడు!"

పెద్దమనిషి. హత్యకు పోతూ కూడా అన్యాయంగా ఇరుక్కున్న పిల్లవాణ్ణి విడిపించి పోయాడు.

రాఘవేంద్ర వైర్‌లెస్ సెట్‌లో అరిచాడు. అవతల డప్పుల మోత తప్ప మాట లేదు. ఇంకో నంబరు, ఇంకో నంబరు. ఎవరూ ఎత్తడం లేదు, నేను చేస్తే సంఘం సెక్రటరీ కూడా ఎత్తలేదు. అభిలాష్ తన ఫోన్‌లో ఫంక్షన్ లైవ్ పెట్టాడు. వేదిక మీద అయ్‌నూరా గారు మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. మనిషిని పట్టుకున్నామన్న మాట నమ్మి వచ్చినట్టుంది. వెనక వరసలో ఎర్ర టై. అతిథులకు శాలువాలు అయిపోతున్నాయి. మైకులో యాంకరమ్మ గొంతు తియ్యగా సాగింది.

"ఇప్పుడు ఈ బృందం ఏర్పాట్లన్నీ చూసిన శ్రీ మూర్తి గారిని సత్కరించడానికి, తల్లిదండ్రుల తరఫున శ్రీ త్రినాథరావు గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం!"

అదే క్షణంలో ముత్తమ్మ ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

"అమ్మా! సంతకాలు పెట్టిచ్చుకొని ఇప్పుడే ఇడిసిపెట్టిండ్రే! కేసు లేదన్నరు. స్టేజీ ఎనక గేటుకాడున్న. ఇంటికొస్తున్న."

నేనూ రాఘవేంద్రా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. స్టేజీ వెనక గేటు. అక్కడినుంచి మెట్లెక్కితే వేదిక. ఆ స్టేజీకి ఫ్లెక్సీ కట్టినవాడికి ఆ మెట్లు బాగా తెలుసు.

"వద్దు," అన్నాడు రాఘవేంద్ర. "గన్‌మెన్ ఉన్నారు. పొద్దుట్నుంచి వాడి మొహం అందరికీ చూపించి పెట్టాం. ఫారిన్ ఎంపీల మీదికి దూకితే కాల్చినా కాల్చేస్తారు. ప్రాణం దక్కినా కేసు తప్పదు. ఈసారి నా చేతుల్లో కూడా ఉండదు."

ఫోన్ వైపు చెయ్యి చాపాను. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పొద్దుట్నుంచి ఏ కేసు రాకుండా చూడమని ఆ తల్లి నా వెంట తిరిగిందో, ఆ కేసులోకే కొడుకును తోయమని ఏ నోటితో చెప్పను?

లైవ్‌లో తెల్ల చొక్కా వేసుకున్న త్రినాథరావు గారు వేదిక ఎక్కుతున్నాడు. రెండు చేతుల మీద మడత విప్పని శాలువా. ఆ మడత కింద కుడి చెయ్యి కనబడటం లేదు.

ముత్తమ్మ ఆ బొమ్మ చూసింది. గోడ మీద బిందుమాధవిని చూసింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"రాజూ, ఇను. మన త్రినాథరావు సారు స్టేజెక్కుతుండు. శాలువ కింద కత్తి ఉన్నది. గా ఎర్ర టై వానిని చంపుతడు."

"అమ్మా?"

"వాడు చావొద్దు బిడ్డా, జైలుకు పోవాలె. సారు చేతులకు నెత్తురు అంటొద్దు."

"అమ్మా, నేను ఎక్కితే..."

"ఎర్కనే. కొలువు పోతే పోనియ్యి." ఆమె గొంతు ఒణకలేదు. "ఉరుకు."

ఫోన్‌లో చెప్పుల చప్పుడు మొదలైంది. లైవ్‌లో త్రినాథరావు గారు శాలువా విప్పాడు.